రేడియోలో ఆసియా సంప్రదాయ సంగీతం: మన సీమ శ్రోతకు నచ్చేలా అరగంట కార్యక్రమం చేయడం ఎలా?

"జపాన్ వేణువు, జావా గంటలు మన కడపలో ఎవరు వింటారండీ?" కమ్యూనిటీ రేడియోలో కొత్తగా చేరిన పిల్లలు, ఎఫ్ఎం స్టేషన్లలో క్యాజువల్ అనౌన్సర్లుగా పనిచేసేవాళ్లు, కాలేజీ రేడియో నడిపే లెక్చరర్లు తిప్పి తిప్పి ఇదే అడుగుతున్నారు. దీని వెనకాలే ఇంకో రెండు ప్రశ్నలు వస్తాయి. యూట్యూబ్ నుంచి పాట దింపుకుని వేయొచ్చా? వేశాక ఒక్క ఫోనూ రాకపోతే ఏం చేయాలి? ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే అన్నీ ఒకేచోట రాసిపెడితే మేలనిపించింది.

మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తా: వింటారు. కాకపోతే తెలియని సంగీతం వినేవాళ్లకు చెవి ఎక్కడ పెట్టాలో ముందు చెప్పాలి. ఆ ఒక్క పని చేయకుండా "ఇప్పుడు ఇండొనేషియా సంప్రదాయ సంగీతం విందాం" అని బటన్ నొక్కితే నలభై సెకన్లలో స్టేషన్ మారిపోతుంది. అందులో శ్రోత తప్పేమీ లేదు.

కావలసినవి

స్లాట్ ఎంతసేపో సెకన్లతో సహా కనుక్కోండి. అరగంట అంటారు గానీ జింగిల్, ప్రకటనలు, టైం చెప్పడం పోగా చేతికొచ్చేది 27 నిమిషాలో, 28 నిమిషాలో.

చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్. కంప్యూటర్, అందులో ఆడాసిటీ (రికార్డింగులను కత్తిరించి సరిచేసే సాఫ్ట్‌వేర్, ఉచితంగా దొరుకుతుంది). ఒక మామూలు ఫోను. బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో సెట్టు. ఇది లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. ఒక నోటుబుక్కు.

ఇవి కాక సంగీతం అంటే పెద్దగా పట్టింపు లేని మనిషి ఒకరు కావాలి. టైలరు, ఆటో నడిపే అన్న, పక్కింటి అత్త ఎవరైనా సరే. సంగీతం మాస్టారు మాత్రం వద్దు. ఆయన మీకు మొహమాటంగా బాగుందనైనా అంటారు, లేదా రాగం వెతకడంలో పడిపోతారు.

1. మీ శ్రోత ఎక్కడ కూర్చుని వింటున్నాడో చూసి రండి

ఇది అందరూ వదిలేసే మెట్టు. ధర్మవరంలోనో ఎమ్మిగనూరులోనో మగ్గం మీద కూర్చున్న మనిషి రేడియో వింటుంటే, ఆయన చెవిలో పడేది పాట కాదు, మగ్గం చప్పుడు మధ్య మిగిలిన పాట. బస్సు డ్రైవరుకు ఇంజిన్ హోరు. గొర్రెలు కాసే అబ్బాయికి ఫోను స్పీకరు, గాలి. చైనా వాళ్ల గూచిన్ అని ఏడు తీగల వాద్యం ఉంది. ఎంతో గొప్పది, కానీ అంత మెల్లగా పలికేది మరొకటి ఉండదు. మగ్గం పక్కన దాన్ని వేస్తే స్టేషన్ ఆగిపోయిందనుకుంటారు. "అన్నా, రేడియో చెడిపోయిందనుకుంటి" అని ఫోన్ వస్తే కోప్పడకండి, నిజంగానే అలా ఉంటుంది.

మీ స్టేషన్ ఎఫ్ఎమ్మా, మీడియం వేవా అన్నది కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఎఫ్ఎంలో 15 కిలోహెర్ట్జ్ దాకా స్వరం పోతుంది. కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ లాంటి మీడియం వేవ్ ప్రసారంలో సుమారు 5 కిలోహెర్ట్జ్ దగ్గరే పైభాగం, అంటే సన్నటి పై స్వరాలు, తెగిపోతుంది. జావా, బాలి కంచు వాద్యాల తళుకంతా ఆ పైభాగంలోనే ఉంటుంది కాబట్టి మీడియం వేవ్‌లో అవి గిన్నెలు తట్టినట్టు వినిపిస్తాయి. అదే మంగోలియా, దాని పక్కనే ఉన్న తువా ప్రాంతాల గొంతు పాట (ఒకే గొంతులో రెండు స్వరాలు పలికించేది) అనుకోండి, అందులో పైన వినిపించే ఈల 1 నుంచి 2.5 కిలోహెర్ట్జ్ మధ్యే ఉంటుంది. పాత ట్రాన్సిస్టర్‌లోనూ చక్కగా పలుకుతుంది. కొరియా కథాగానం కూడా అంతే. కంచు వాద్యాలు ఎఫ్ఎంకి, గొంతులు మీడియం వేవ్‌కి అని గుర్తుపెట్టుకుంటే సగం తలనొప్పి తప్పుతుంది.

2. ఎపిసోడ్‌కి ఒక్క పట్టు ఎంచుకోండి

పట్టు అంటే శ్రోతకు ఇదివరకే తెలిసిన చప్పుడు, మనిషి, లేదా ఆట. అది మన జిల్లాల నుంచే రావాలి. నేను బాగా పనిచేస్తాయనుకునే జతలు ఇవి.

తోలుబొమ్మలు, జావా వాయాంగ్: అన్నిటికంటే సులువైనది, మొదటి ఎపిసోడ్‌కి ఇదే చేయమంటాను. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు తెలియనివాళ్లు అనంతపురం వైపు తక్కువ. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది కాబట్టి పేరు చెప్పినా గుర్తుపడతారు. జావాలోనూ తోలుబొమ్మలే, రామాయణ భారతాలే. ఆటకు తోడుగా వాయించే కంచు వాద్యాల బృందం పేరు గమెలాన్.

బుర్రకథ, కొరియా పన్సోరి: మన బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలు. పన్సోరిలో పాడేవాళ్లు ఒక్కరు, డోలు వాయించేవాళ్లు ఒక్కరు. డోలాయన వాయిస్తూనే మధ్యమధ్యలో కేకవేసి పాడేవాళ్లకు ఊపు ఇస్తాడు. "తందాన తాన" విని పెరిగిన చెవికి ఆ కేక వెంటనే అందుతుంది. ఒకప్పుడు పన్నెండు కథలుండేవట, ఇప్పుడు పాడుతున్నవి ఐదే.

గొరవయ్య, జపాన్ సన్యాసి: కర్నూలు వైపు ఎలుగుబంటి బొచ్చు టోపీ పెట్టుకుని, ఢమరుకం, పిల్లనగ్రోవి పట్టుకుని ఆడే గొరవయ్యలను చూసే ఉంటారు. జపాన్‌లో ఎడో కాలంలో (17-19 శతాబ్దాలు) కొమూసో అనే సన్యాసులు తలంతా కప్పేసే గడ్డి బుట్ట పెట్టుకుని, షాకుహాచి అనే వెదురు వేణువు ఊదుతూ భిక్షకు తిరిగేవాళ్లు. ఆ వేణువుకు ముందు నాలుగు, వెనక ఒకటి, మొత్తం ఐదే రంధ్రాలు. మామూలు కొలతది సుమారు 54 సెంటీమీటర్లు. తల కనబడని మనిషి వేణువు ఊదుతూ వీధిలో వస్తున్నాడంటే కర్నూలు శ్రోత కళ్లముందు బొమ్మ దానంతటదే వస్తుంది.

ఒంటితీగ, వియత్నాం దాన్ బౌ: ఏకతార మీటుతూ బ్రహ్మంగారి తత్వాలు పాడేవాళ్లు కడప జిల్లాకు కొత్త కాదు. దాన్ బౌకి కూడా తీగ ఒక్కటే. కానీ ఏకతార శ్రుతి ఇస్తుంది, ఇది పాట మొత్తం పాడుతుంది. ఎడమ చేత్తో ఒక సన్నటి బద్దను వంచుతూ ఆ ఒక్క తీగ మీదే స్వరాన్ని ఎటుపడితే అటు జారుస్తారు.

కడప పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలి విన్నవాళ్లకు ఇరాన్ సంగీతం దగ్గర చేయొచ్చు. సంతూర్ పేరు మనవాళ్లకు సినిమా పాటల ద్వారా కూడా తెలుసు. ఇరాన్ సంతూర్‌కి సాధారణంగా 72 తీగలు.

పట్టు దొరకడం ఒక ఎత్తు, దాన్ని అతిగా లాగకపోవడం ఇంకో ఎత్తు. "పన్సోరి అంటే కొరియా బుర్రకథ" అనేస్తే రెండిటికీ అన్యాయం. "ఇది మన దగ్గర్నుంచే పోయింది" అనే మాట ఇంకా ప్రమాదం. అలా చెప్పగలిగిన సందర్భాలు తక్కువ. దక్షిణ భారతం నుంచి వెళ్లిన బోధిసేనుడు 736లో జపాన్ చేరి, 752లో నారాలోని తోదాయిజీ మహాబుద్ధుడి కళ్లు తెరిపించే ఉత్సవం జరిపించాడు. ఆయనా, చంపా దేశపు (ఇప్పటి వియత్నాం వైపు) మరో భిక్షువూ తెచ్చారని చెప్పే నృత్యాలు జపాన్ ఆస్థాన సంగీతంలో ఒక శాఖగా నిలిచాయి. ఇలాంటిదైతే ధైర్యంగా చెప్పండి. మిగతాచోట్ల "వింటే మనది గుర్తొస్తుంది" అంటే చాలు.

రాగాల విషయంలోనూ అంతే. చైనా పాటల్లో చాలావాటిలో మోహనం స్వరాలు వినిపిస్తాయి. జపాన్ కోటో (నేలమీద పెట్టి మీటే పొడవాటి తీగల వాద్యం) పాటల్లో తరచు వచ్చే ఐదు స్వరాలు 'కర్ణాటక శుద్ధ సావేరి' అనే రాగానికి దగ్గర (మామూలు శుద్ధ సావేరి కాదు). "స్వరాలు ఇవే" అనండి, "రాగం ఇదే" అనొద్దు. ఇక జావా గమెలాన్ వాడే స్లెంద్రో అనే స్వరవరస ఐదు స్వరాలదే అయినా దాని మెట్లు ఇంచుమించు సమానం. దాన్ని మోహనం అంటే హార్మోనియం తెలిసిన శ్రోత ఎవరైనా ఫోన్ చేసి కడిగేస్తారు, న్యాయంగానే.

3. ముక్కలు ఎంచుకోండి

అరగంటకు నాలుగు ముక్కలు, ఎక్కువైతే ఐదు. ఒక్కోటి మూడు నుంచి ఐదు నిమిషాలు. ఏడు దేశాలు చుట్టేద్దామన్న ఆశ మొదటిసారి అందరికీ ఉంటుంది. అలా చేస్తే శ్రోతకు ఒక్కటీ మిగలదు. ఒక ఎపిసోడ్‌కి ఒక దేశం, మహా అయితే రెండు.

మొదటి ముక్కకు లయ ఉండాలి. ఇరాన్ సంగీతంలో తాళం లేకుండా ఆలాపనలా సాగే భాగాలే ఎక్కువ, వాటి అందం నిదానంగా ఎక్కుతుంది. అందుకని ముందు చహార్‌మెజ్రాబ్ అనే చురుకైన, లయబద్ధమైన భాగం వేసి, తర్వాత ఆలాపన వేయండి. గొంతు పాటకైతే బృందగానం వద్దు. ఒక్క మనిషి, ఒక్క గొంతు ఉన్న రికార్డింగ్ తీసుకోండి. కింద గంభీరంగా ఒక నాదం, పైన సన్నటి ఈల, రెండూ ఒకే గొంతులోంచి వస్తున్నాయని అప్పుడే తెలుస్తుంది. వాద్యాలు కలిస్తే ఆ ఈలను వేణువు అనుకుని వదిలేస్తారు.

ఖురాన్ పారాయణాన్ని సంగీతంగా లెక్కపెట్టి ఈ కార్యక్రమంలో వేయొద్దు. వినేవాళ్లు దాన్ని సంగీతం అనుకోరు, నొచ్చుకుంటారు. టిబెట్ బౌద్ధ మంత్రాల లాంటివి వేస్తే పక్కన సబ్బు ప్రకటన పడకుండా చూసుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ఒక సిద్ధమైన వస్తువు ఉంది. 1977లో బయలుదేరిన రెండు వాయేజర్ నౌకల్లో ఒక బంగారు పూత రికార్డు పంపారు. అందులో మన కేసర్‌బాయి కేర్కర్ పాట ఉంది, జావా గమెలాన్ ఉంది, జపాన్ షాకుహాచి ఉంది, చైనా గూచిన్ ఉంది. "ఆకాశంలోకి పంపిన ఆసియా పాటలు" అంటే స్కూలు పిల్లలు కూడా చెవి ఒగ్గుతారు. కాకపోతే ఆ రికార్డింగులకూ హక్కుదారులు ఉంటారు. ఆకాశంలోకి పంపినంత మాత్రాన మనకు ఉచితం కాదు.

4. హక్కుల సంగతి తేల్చుకోండి

యూట్యూబ్ నుంచి దింపి వేయొచ్చా? వేయకూడదు. పాట వెయ్యేళ్ల నాటిది కావచ్చు, ఆ బాణీ ఎవరి సొత్తూ కాకపోవచ్చు, కానీ మీ చేతిలో ఉన్న రికార్డింగ్ మాత్రం ఒకరిది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు, విడుదలైన ఏడాది తర్వాతి క్యాలెండర్ సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది.

దారులు ఇవి. మీరు ఆకాశవాణిలో క్యాజువల్‌గా చేస్తుంటే సొంతంగా ఏమీ తేవద్దు. స్టేషన్ లైబ్రరీలో ఏముందో, బయటిది వేయాలంటే పద్ధతేమిటో ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్‌ని అడగండి. కమ్యూనిటీ రేడియో అయితే మొదటి దారి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (హక్కుదారే కొన్ని షరతులతో అందరినీ వాడుకోనిచ్చేది) ఉన్న రికార్డింగులు. వాటిలోనూ రకాలున్నాయి. వాణిజ్యానికి వాడకూడదు అని ఉంటే, ప్రకటనలు తీసుకునే స్టేషన్ ముందు అడిగి తీరాలి. మార్పులు చేయకూడదు అని ఉంటే పాట మీద మీ మాట కలపకండి. పేరు చెప్పాలి అని ఉంటే ప్రసారంలోనే చెప్పాలి, సోషల్ మీడియా పోస్టులో రాస్తే సరిపోదు.

రెండో దారి నేరుగా కళాకారుడికో చిన్న లేబుల్‌కో మెయిల్ రాయడం. నాలుగు వాక్యాలు చాలు: మీరెవరు, స్టేషన్ ఎంత చిన్నది, ఏ పాట, ఎన్నిసార్లు. మన కమ్యూనిటీ స్టేషన్ల శక్తి సాధారణంగా 100 వాట్ల లోపని తెలిస్తే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. జవాబు రాకపోతే అది అనుమతి కాదు. ఇంకో పాట చూసుకోండి.

మూడోది, చట్టంలోని 31డి సెక్షన్. ప్రసార సంస్థ ముందుగా నోటీసిచ్చి, నిర్ణయించిన రాయల్టీ కట్టి వేసుకునే పద్ధతి. ఇది స్టేషన్ యాజమాన్యం చూసుకోవాల్సిన పని, మీరొక్కరే నెత్తిన వేసుకోకండి.

ప్రతి ముక్కకూ నోటుబుక్కులో ఒక వరుస రాయండి: పాట, పాడిన లేదా వాయించినవాళ్లు, వాద్యం, ఊరు, లేబుల్, సంవత్సరం, నిడివి, అనుమతి ఎక్కడిది. దీన్ని క్యూ షీట్ అంటారు. తర్వాత రాద్దాంలే అనుకుంటే రాయరు.

5. మాట రాయండి

28 నిమిషాల్లో మీ మాట ఎనిమిది నిమిషాలు మించొద్దు. నెమ్మదిగా చదివితే నిమిషానికి వంద మాటలు పోతాయి, ఆ లెక్కన మొత్తం ఎనిమిది వందల మాటలు. ఒక్కో పాటకు ముందు ముప్పై, నలభై సెకన్లు. పాట అయ్యాక ఇంకాస్త.

పాటకు ముందు దేశం జనాభా, రాజధాని, వంశాల చరిత్ర వద్దు. ఏం వినాలో చెప్పండి. తోలుబొమ్మల ఎపిసోడ్‌కి ఇలా రాయొచ్చు:

"నిమ్మలకుంట తోలుబొమ్మలాట చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తెర వెనక బొమ్మనాడించేవాళ్లు కాళ్ల కింద చెక్కపలక పెట్టుకుని టకటకమని తొక్కుతుంటారు. యుద్ధం వచ్చిందంటే ఆ చప్పుడు ఎక్కువవుతుంది. ఇప్పుడు మనం జావా పోతున్నాం. అక్కడ బొమ్మలాడించే ఆయన పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. దాని మీద కొయ్య సుత్తితో కొడతాడు. అది వినగానే వెనకున్న కంచు వాద్యాలన్నీ నడక మారుస్తాయి. ఆ టకటక ఎప్పుడొస్తుందో చెవి పెట్టి చూడండి."

అంతే. ఇక మాట్లాడకుండా పాట వేయండి. వాద్యాల పేర్లు, యునెస్కో గుర్తింపు, ద్వీపం సంగతులు అన్నీ పాట తర్వాత చెప్పండి. విన్నాక ఆ మనిషికే తెలుసుకోవాలని ఉంటుంది.

విదేశీ పేర్లను స్క్రిప్టులో తెలుగు లిపిలోనే రాసుకోండి. ఆ భాష మాట్లాడేవాళ్లు ఎలా పలుకుతున్నారో రెండుసార్లు విని రాయాలి, ఇంగ్లీషు స్పెల్లింగు చూసి కాదు. గూచిన్‌ని "గుక్విన్" అని చదివితే ఆ ఎపిసోడ్ అంతా అలాగే పోతుంది. ఒక ఎపిసోడ్‌లో మూడు కొత్త పేర్లు చాలు. నాలుగోది ఎవరికీ గుర్తుండదు.

6. కత్తిరింపు, ధ్వని

ఎక్కువ కార్యక్రమాలు చెడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ఎక్కడ ఆపాలి: సగంలో పాటను నెమ్మదిగా తగ్గించి ఆపేయడం మనకు అలవాటు. గమెలాన్‌లో అలా చేస్తే ప్రాణం పోతుంది. అందులో ప్రతి ఆవర్తం చివర పెద్ద గాంగ్ మోగుతుంది. మన తాళంలో సమం మీద బరువు మొదట పడితే, అక్కడ బరువు చివర పడుతుంది. అందుకని గాంగ్ మోగి, ఆ నాదం పూర్తిగా కరిగేదాకా ఆగి అప్పుడు కత్తిరించండి. నాదం కరగడానికి అయిదారు సెకన్లైనా పడుతుంది, దాన్ని లెక్కలో వేసుకోండి. పన్సోరిలో వాక్యం ముగిశాక డోలు దెబ్బ దగ్గర ఆపండి.

శుభ్రం చేయకండి: ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ (అనవసర చప్పుడు తీసేసే సాధనం) చూడగానే నొక్కాలనిపిస్తుంది. షాకుహాచిలో ఊపిరి చప్పుడు సంగీతంలో భాగమే. ఇరాన్ వెదురు వేణువు నేయ్‌లోనూ అంతే. దాన్ని తీసేస్తే కీబోర్డు మీద వాయించినట్టు ఉంటుంది. జపాన్ మూడు తీగల వాద్యం షామిసెన్‌లో తీగ జుమ్మని మోగుతుంది. అది పాడైన తీగ కాదు, కావాలనే అలా చేస్తారు, మన తంబురాలో తీగ కింద దారం పెట్టి జీవం తెప్పించినట్టే. బాలిలో ఒకే వాద్యాన్ని జతగా చేసి, రెండిటికీ శ్రుతి రవ్వంత తేడా పెడతారు. రెండూ కలిపి కొడితే నాదం అలలా ఊగుతుంది. "శ్రుతి తప్పింది" అని స్టేషన్ ఇంజినీరే అనొచ్చు. ముందే చెప్పి ఉంచండి. శ్రోతకు కూడా చెప్పండి, ఆ ఊపే మంచి పట్టు అవుతుంది.

మీరు సొంతంగా రికార్డు చేసిన దాంట్లో కరెంటు గుయ్యిమనే చప్పుడు ఉంటే 50 హెర్ట్జ్ దగ్గర మాత్రం తగ్గించండి. అంతకుమించి ముట్టుకోవద్దు.

ఎంత బిగ్గరగా: మీ మాట, పాట రెండూ ఒకే స్థాయిలో ఉండాలి. స్టేషన్ ఏ కొలత అడుగుతుందో కనుక్కోండి. ఏమీ చెప్పకపోతే ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ తెరిచి మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత) పెట్టండి, శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూడండి. యూరప్ ప్రసార ప్రమాణం మైనస్ 23, మీ స్టేషన్ దాన్ని పాటిస్తుంటే అదే ఇవ్వండి.

మెల్లగా పలికే ముక్కలకు కంప్రెసర్ (బిగ్గర చోట్లను అణచి తేడా తగ్గించే సాధనం) కొద్దిగా, 2:1 దాకా వాడొచ్చు. ఎక్కువ వాడితే పెద్ద గాంగ్ మోగిన ప్రతిసారీ మిగతా వాద్యాలన్నీ ఒక్కసారి అణిగి మళ్లీ లేస్తాయి. హెడ్‌ఫోన్‌లో స్పష్టంగా తెలుస్తుంది. తెలిస్తే తగ్గించండి.

నిశ్శబ్దం: గూచిన్, షాకుహాచిలలో మౌనం కూడా సంగీతమే. కానీ చాలా స్టేషన్లలో కొన్ని సెకన్లు శబ్దం లేకపోతే పరికరం దానంతటదే వేరే పాట మొదలుపెట్టేస్తుంది. ఆ సమయం ఎంతో ఇంజినీరును అడిగి, అంతకంటే ఎక్కువ మౌనం ఉన్న ముక్కను వదిలేయండి. మౌనాన్ని కత్తిరించి కుదించడం కంటే ఇంకో ముక్క వెతకడమే మేలు.

మీ మాట వెనక సంగీతం పెట్టాలనుకుంటే మాట కంటే 15 నుంచి 18 డెసిబెల్స్ తగ్గించి పెట్టండి. గొంతు ఉన్న పాటను మాట వెనక అసలు పెట్టొద్దు. ఏ భాషైనా సరే, రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడితే చెవి విసుక్కుంటుంది.

7. వీలైతే మన ఊరి కళాకారుణ్ని పక్కన కూర్చోబెట్టండి

తప్పనిసరి కాదు, కానీ కార్యక్రమాన్ని నిలబెట్టేది ఇదే. గొరవయ్యకు షాకుహాచి వినిపించి, "పెద్దాయనా, ఇతను ఎలా ఊదుతున్నాడో చెప్పు" అని అడగండి. పెదవి ఎక్కడ పెట్టాడో, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో మనకు తెలియని సంగతులు చెప్తాడు. తర్వాత ఆయన పిల్లనగ్రోవి ఒక నిమిషం. రెండూ పక్కపక్కన వినిపిస్తే మీరు ఇంకేమీ చెప్పక్కర్లేదు. కమ్యూనిటీ రేడియో నిబంధనల్లో కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలని ఉంది, ఆ లెక్కకూ పనికొస్తుంది.

రికార్డింగ్‌కు పోయినప్పుడు ఫ్యాను ఆపించండి. మైకు ఒక మీటరు దూరంలో, వేణువు నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా పెట్టండి. ఎవరూ మాట్లాడకుండా పది సెకన్ల గది నిశ్శబ్దం విడిగా తీసుకోండి, అతుకులు వేసేటప్పుడు కావాలి. ఆయన ఒప్పుకున్నట్టు ఆయన గొంతులోనే పేరుతో సహా రికార్డు చేసుకోండి. డబ్బులివ్వండి. టీ తాగించి పంపేయడం కళాసేవ కాదు.

8. ప్రసారానికి ముందు పరీక్ష

మొత్తం ఫైలును మోనోలోకి (ఎడమ, కుడి ఛానెళ్లు కలిపి ఒకటిగా) మార్చి వినండి. ఫోనూ, చిన్న రేడియో వినిపించేది మోనోనే. స్టీరియోలో బ్రహ్మాండంగా ఉన్న కొన్ని రికార్డింగులు మోనోలో ఒక వాద్యాన్ని మింగేస్తాయి. అలా అయితే ఎడమ ఛానెలో కుడి ఛానెలో ఒక్కటే తీసుకోండి.

తర్వాత ఫోను స్పీకరు మీద, వీధిలో నిలబడి వినండి. మీ మాటలో ఒక్క పదం అర్థం కాకపోయినా ఆ చోటు మళ్లీ చదవాలి.

ఇప్పుడు ఆ సంగీతం తెలియని మనిషిని కూర్చోబెట్టండి. వినిపించాక "బాగుందా?" అని అడగొద్దు. అందరూ బాగుందనే అంటారు. "ఏం వినిపించింది?" అని అడగండి. "ఆ చెక్క కొట్టినప్పుడు వేగం పెరిగింది చూడు" అన్నాడంటే మీ పట్టు పనిచేసింది. "ఏందో గుళ్లో గంటల మాదిరి ఉంది" అన్నాడంటే ముందుమాట మళ్లీ రాయండి, పాట మార్చక్కర్లేదు. మూడో నిమిషంలో ఫోను తీసి చూసుకున్నాడంటే ఆ ముక్కను మూడో నిమిషం దగ్గరే ఆపండి.

ప్రసారం రోజు స్టూడియోలో కూర్చోకండి. మీ చిన్న రేడియోతో బయట విని, దాని నుంచే రికార్డు చేయండి. స్టేషన్ పరికరాలు మీ ఫైలును ఏం చేశాయో అందులోనే తెలుస్తుంది. మాట కంటే పాట తగ్గినట్టుంటే వచ్చే వారం పాటను 2 డెసిబెల్స్ పెంచి ఇవ్వండి.

ఫోన్లు రాకపోతే

మొదటి వారాల్లో రావు. సినిమా పాటల కార్యక్రమానికి వచ్చేవి కోరికల ఫోన్లు. ఈ సంగీతంలో ఏం కోరాలో శ్రోతకు తెలియదు కదా. అందుకని కోరమనకండి, ప్రశ్న అడగండి. "ఇప్పుడు విన్నది ఎన్ని తీగల వాద్యం?" అని అడిగి దాన్ బౌ వేయండి. నాలుగు, ఆరు అంటూ వచ్చే జవాబులు చూడండి. ఫోను చేయడానికి మొహమాటపడేవాళ్ల కోసం వాట్సాప్ వాయిస్ మెసేజ్ నంబరు పెట్టండి. వాటిలో బాగున్నవి అనుమతి తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో వినిపించండి.

పోయిన వారం వేసిన ముక్కలోంచి ఒక నిమిషం ఈ వారం మొదట్లో మళ్లీ వేయండి. రెండోసారి వింటున్న చెవి వేరు. వారం వారం కొత్తదనం కావాలన్న టెన్షన్ మీకే గానీ శ్రోతకు ఉండదు.

తిట్టే ఫోన్లు కూడా వస్తాయి. "మన అన్నమయ్య కీర్తనలు వేయకుండా ఇదేంటి" అంటారు. వాదించొద్దు. తాళ్లపాక మన పక్కనే ఉంది, వాళ్లు అడిగిందీ సబబే. తర్వాతి ఎపిసోడ్‌లో ఒక కీర్తన, దాని పక్కన మీ ముక్క వేయండి. రెండిట్లో తంబురా శ్రుతి లాంటి ఆధారనాదం ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో వినమనండి. మంగోలియా గొంతు పాటలో ఆధారనాదం పాడే మనిషి గొంతులోనే ఉంటుంది కాబట్టి ఈ జతకు అది బాగా కుదురుతుంది.

ప్రతి ఎపిసోడ్ ప్రసార రికార్డింగ్‌నూ, క్యూ షీట్‌నూ, అనుమతి మెయిళ్లనూ ఒకే ఫోల్డర్లో తేదీతో దాచండి. కాపీ ఒకటి స్టేషన్‌లో, ఒకటి మీ దగ్గర. ఆరు నెలల తర్వాత ఎవరైనా హక్కుల గురించి అడిగినా, పునఃప్రసారం చేద్దామన్నా, వెతుక్కోవాల్సింది ఆ ఫోల్డరే.